నోరు విప్పితే వీసా పోతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసి, మూడేళ్ల కిందట మెల్‌బోర్న్ వచ్చాం. టార్నీట్‌లో ఉంటున్నాం. నేను ఒక ప్రైవేటు కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. ఆ కంపెనీ స్పాన్సర్ చేసిన 482 వీసా నాది. మావారు, బాబు అందులోనే డిపెండెంట్లు. పీఆర్ ఇంకా రాలేదు.

2025 ఆగస్టు 31న ఇక్కడ వలసలకు వ్యతిరేకంగా పెద్ద నగరాలన్నిటిలో ర్యాలీలు జరిగాయి. వాటి ప్రచారంలో మన ఇండియన్ల పేరెత్తి మరీ రాశారు. ఆ వారంలోనే ఒకరోజు బాబుని తీసుకుని ట్రైన్లో వస్తుంటే ఒకాయన మా ఎదురుగా నిలబడి "మీ దేశానికి మీరు పొండి" అని అరిచాడు. పెట్టెలో ఒక్కరూ నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక బాబు "ఆ అంకుల్ ఎందుకు తిట్టాడమ్మా" అని ఒకటే అడగడం. ఆ రాత్రి నిద్ర పట్టక ఫేస్‌బుక్‌లో ఇలా రాశాను: "మేం పన్నులు కడుతున్నాం. మీ అమ్మానాన్నల్ని ఆస్పత్రుల్లో, ఏజ్డ్ కేర్‌లో చూసుకునేది మా వాళ్లే. ప్రభుత్వం ఇళ్లు కట్టించలేకపోతే ఆ తప్పు మాదా? ఈ తెల్లవాళ్లకి సిగ్గు లేదు." చాలామంది షేర్ చేశారు. నా ప్రొఫైల్‌లో కంపెనీ పేరు ఉంది. ఆఫీసులో ఎవరో హెచ్‌ఆర్‌కి చూపించారు. "కంపెనీ పరువుకి సంబంధించిన విషయం, వచ్చేవారం మాట్లాడదాం" అని మెయిల్ వచ్చింది.

ఇది చాలదన్నట్టు, నేను అడ్మిన్‌గా ఉన్న మా ఏరియా తెలుగు ఆడవాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులో ఒకావిడ ఒక కేటరింగ్ ఆయన గురించి "బర్త్‌డేకి పాచి బిర్యానీ పెట్టాడు, పిల్లలకి వాంతులయ్యాయి, దొంగ వెధవ" అని రాసింది. ఆయన నాకు ఫోన్ చేసి లాయర్ నోటీసు పంపిస్తానంటున్నాడు. రాసింది నేను కాదు కదండీ!

మావారేమో "ఓటు కూడా లేనివాళ్లం, మనకెందుకీ గొడవలు, అన్నీ డిలీట్ చేసి సారీ చెప్పెయ్" అంటున్నారు. అసలు ఆస్ట్రేలియాలో వాక్‌స్వాతంత్ర్యం లేదా? నోరు విప్పితే వీసా పోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
— పేరు వద్దు, మెల్‌బోర్న్

సమాధానం: అమ్మా, మీ మీటింగ్ దగ్గరపడిందని ముఖ్యమైన నాలుగు మాటలు ముందే మెయిల్‌లో రాశాను. ఇలాంటి ఉత్తరాలే ఈమధ్య ఇంకో మూడు వచ్చాయి. అందుకని మిగతాది ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

ముందు నిద్ర పట్టే మాట. ఆ పోస్టుకి మీ వీసా పోదు. ఉద్యోగం, గ్రూపు సంగతులు మాత్రం అంత ఒక్క ముక్కలో తేలేవి కావు.

"వాక్‌స్వాతంత్ర్యం లేదా" అని అడిగారు. ఇండియాలో పుట్టి పెరిగిన మనకి ఈ ప్రశ్న రావడం సహజం. స్కూల్లో సివిక్స్ పుస్తకంలో ఆరు ప్రాథమిక హక్కులు బట్టీ పట్టినవాళ్లం. ఆర్టికల్ 19(1)(ఎ) అని వేలుపెట్టి చూపించగలం. ఆస్ట్రేలియా రాజ్యాంగం 1901 జనవరి 1న అమల్లోకి వచ్చింది. 128 సెక్షన్లు. మొదటినుంచీ చివరిదాకా తిరగేసినా "ప్రతి మనిషికీ మాట్లాడే హక్కు ఉంది" అన్న వాక్యం కనపడదు. మతం గురించి 116వ సెక్షన్ ఉంది, ఆస్తి తీసుకుంటే న్యాయమైన షరతుల మీద తీసుకోవాలని ఉంది, తీవ్రమైన కేంద్ర నేరాలకు జ్యూరీ విచారణ ఉంది. అలా అక్కడొకటి ఇక్కడొకటి. హక్కుల పత్రం అంటూ దేశం మొత్తానికి లేదు. 1988లో మతం, జ్యూరీ లాంటి హక్కుల్ని ఇంకాస్త గట్టిగా రాద్దామని రిఫరెండం పెడితే జనమే చిత్తుగా ఓడించారు. (మన 19వ ఆర్టికల్ కూడా పౌరులకే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే ఆస్ట్రేలియన్‌కి అది వర్తించదు. వీసా మీద ఉన్నవాళ్ల నోరు ఎక్కడైనా కొంచెం చిన్నదే.)

మరి ఇక్కడ జనం ప్రధానమంత్రిని నోటికొచ్చినట్టు ఎలా తిడుతున్నారు? దానికి కథ ఉంది. 1991లో అప్పటి లేబర్ ప్రభుత్వం ఎన్నికల సమయంలో టీవీ, రేడియోల్లో రాజకీయ ప్రకటనల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. డబ్బున్న పార్టీల ఆగడం తగ్గించడానికే అంది. టీవీ కంపెనీలు హైకోర్టుకి వెళ్లాయి. ఇక్కడ హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లాంటిది, దానిపైన ఇంకేం లేదు. 1992లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఏ ఆధారంతో? పార్లమెంటు సభ్యుల్ని "ప్రజలు నేరుగా ఎన్నుకోవాలి" అని రాజ్యాంగంలో ఉంది. ఎన్నుకోవాలంటే తెలియాలి, తెలియాలంటే మాట్లాడుకోవాలి. కాబట్టి రాజకీయ విషయాల మీద మాట్లాడుకునే స్వేచ్ఛ ఆ వాక్యంలోనే ఇమిడి ఉంది అన్నారు. రాసి లేదు, కానీ ఉంది.

మా భీమవరం వైపు పొలాల మధ్య పుంత ఉంటుంది. ఎడ్ల బండ్లు పోయే దారి. అడంగల్ తీసి చూస్తే అది ఎవరి పేరు మీదా ఉండదు. "నా పుంత" అని ఎవడూ అనలేడు. కానీ సర్పంచ్ వచ్చి కంచె వేస్తానంటే ఊరు ఒప్పుకోదు, ఎందుకు వేస్తున్నావో చెప్పమంటుంది. ఆస్ట్రేలియాలో వాక్‌స్వాతంత్ర్యం సరిగ్గా ఇలాంటి పుంత. మీ పేరు మీద పట్టా లేదు. ప్రభుత్వం చట్టం చేసి దారి మూసేయబోతే మాత్రం, సరైన కారణం ఉందా, కావాల్సినదానికంటే ఎక్కువ మూస్తున్నావా అని కోర్టు నిలదీస్తుంది. 2017లో టాస్మేనియాలో అడవుల నరికివేతకి వ్యతిరేకంగా నిరసన చేసేవాళ్లని అడ్డుకునే చట్టంలో ముఖ్యమైన భాగాలు ఈ లెక్కనే పోయాయి. ఆ కేసు వేసిన బాబ్ బ్రౌన్ ఒకప్పటి సెనేటరు, గ్రీన్స్ పార్టీ నాయకుడు.

ఇంత సోది ఎందుకు చెప్పానంటే, ఈ దేశంలో "నాకు మాట్లాడే హక్కు ఉందా" అని అడిగితే జవాబు దొరకదు. "ఈ మాట అన్నందుకు నన్ను ఎవరు, ఏ చట్టం కింద, ఏం చేయగలరు" అని అడగాలి. సర్కారు ఒక దారిలో వస్తుంది, కంపెనీ ఇంకో దారిలో, ఇమిగ్రేషన్ శాఖ వేరే, కేటరింగ్ ఆయన వేరే. ఒకరిని ఆపే చట్టం ఇంకొకరిని ఆపదు. మీ ఉత్తరంలో ఈ నలుగురూ కలిసిపోయి ఒక్క భూతంలా కనిపిస్తున్నారు. విడదీసి చూస్తే ఎవరి సైజు ఎంతో తెలుస్తుంది.

కంపెనీ సంగతి ముందు చూద్దాం. ఇక్కడే మన వాళ్లు ఎక్కువ పొరపాటు పడతారు. పైన చెప్పిన రాజ్యాంగ స్వేచ్ఛ చట్టాలు చేసేవాళ్లకి పగ్గం, అంతే. మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసేస్తే దాన్ని పట్టుకుని వాదించలేరు. కాన్‌బెర్రాలో ఇమిగ్రేషన్ శాఖలో పనిచేసే మైకేలా బెనర్జీ అనే ఆవిడ మారుపేరుతో ట్విట్టర్‌లో ప్రభుత్వ శరణార్థి విధానాన్ని ఎండగట్టేది. దాదాపు అన్నీ ఆఫీసు టైము తర్వాతే, సొంత ఫోన్ నుంచే. తొమ్మిది వేల పైచిలుకు ట్వీట్లు. 2013లో ఉద్యోగం తీసేశారు. 2019లో హైకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా ప్రభుత్వం పక్షాన తీర్పిచ్చారు. ఆ స్వేచ్ఛ మనిషికి చెందిన వ్యక్తిగత హక్కు కాదు అని మళ్లీ స్పష్టం చేశారు. మారుపేరు పెట్టుకుంటే ఎవరికీ తెలియదనుకునేవాళ్లు ఈ కేసు గుర్తుపెట్టుకోవాలి.

కానీ మీరు ప్రభుత్వ ఉద్యోగి కాదు. మీకు పనికొచ్చేది రాజ్యాంగం కాదు, ఫెయిర్ వర్క్ చట్టం. జాతి, మతం లాంటి కారణాలతో పాటు రాజకీయ అభిప్రాయం కారణంగా ఉద్యోగిని తీసేయకూడదని అందులో ఉంది. ఈ ముక్క ఎంత పదునైనదో 2025 జూన్‌లో తెలిసింది. ఆంటోనెట్ లతూఫ్ అనే జర్నలిస్టుని 2023 డిసెంబరులో ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ సిడ్నీ రేడియోలో ఐదు రోజుల కోసం తీసుకున్నారు. గాజా మీద హ్యూమన్ రైట్స్ వాచ్ పెట్టిన పోస్టు ఒకటి ఆవిడ షేర్ చేసింది. మూడు రోజులకే ఇంక రావద్దన్నారు. ఫెడరల్ కోర్టు దాన్ని చట్టవిరుద్ధం అంది. తీసేయడానికి గల కారణాల్లో ఆవిడ రాజకీయ అభిప్రాయం ఒకటని తేల్చి 70,000 డాలర్ల పరిహారం ఇప్పించింది. ఆ తర్వాత జరిమానా విడిగా పడింది. ఐదు రోజుల క్యాజువల్ ఉద్యోగానికి! మీది పర్మనెంట్ ఉద్యోగం.

పైగా మీరు విక్టోరియాలో ఉన్నారు. ఇక్కడి 2010 సమాన అవకాశాల చట్టంలో రాజకీయ నమ్మకం, రాజకీయ కార్యకలాపం కూడా రక్షణ ఉన్న అంశాలే. ఇంకో మంచి సంగతి: ఫెయిర్ వర్క్ కేసుల్లో "ఆ కారణంగా కాదు" అని రుజువు చేసుకోవాల్సిన బరువు కంపెనీ మీదే ఉంటుంది. మన వైపు నుంచి వాళ్ల మనసులో ఏముందో తవ్వి తీయక్కర్లేదు.

ఇప్పుడు మీ పోస్టు. మొదటి మూడు వాక్యాలు వలసల మీద, ఇళ్ల మీద, ప్రభుత్వం మీద అభిప్రాయం. నిక్షేపంగా నిలబడతాయి. నాలుగో వాక్యం దగ్గర మీతో నాకు పేచీ ఉంది. "ఈ తెల్లవాళ్లకి సిగ్గు లేదు" అనేది రాజకీయ అభిప్రాయం కాదమ్మా. ట్రైన్లో ఒకడు ఒక మనిషిని చూసి ఒక దేశాన్నంతా తిట్టాడు. మీరు ఆ ఒక్కణ్ణి చూసి ఒక రంగునంతా తిట్టారు. హెచ్‌ఆర్ పట్టుకుని వేలాడేది కూడా ఆ వాక్యాన్నే, రాసిపెట్టుకోండి. జాతిని బట్టి అవమానించే మాటల మీద ఉన్న చట్టం రెండు వైపులా పనిచేస్తుంది. ఆ వాక్యం తీసేయమనే అంటాను. మీవారు చెప్పినట్టు భయపడి కాదు. ఆ పెట్టెలో మౌనంగా కూర్చున్నవాళ్లలో మీ మేలు కోరే మనిషి కూడా ఉండి ఉండొచ్చు కదా. తీసేముందు మొత్తం పోస్టు, కామెంట్లు, తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి దాచండి. మిగతా మూడు వాక్యాలు అలాగే ఉంచండి. ప్రొఫైల్‌లోంచి కంపెనీ పేరు తీసేయండి. అది ఉండటం వల్లే "మా పరువు" అనే మాట పుట్టింది.

మీటింగ్‌కి ముందు కంపెనీ సోషల్ మీడియా పాలసీ ఒకసారి చదవండి. ఉద్యోగంలో చేరినప్పుడు సంతకం పెట్టి ఉంటారు, ఎవరూ చదవరు. మీమీద ఆరోపణ ఏమిటో, ఏ రూలు మీరినట్టో రాసి పంపమని మర్యాదగా అడగండి. అక్కడికక్కడ ఏ కాగితం మీదా సంతకం వద్దు, "చదివి రేపు చెబుతాను" అనండి. అది మీ హక్కు, అవిధేయత కాదు. మన వాళ్లకి ఆఫీసు గదిలో కూర్చోగానే "సారీ సర్" నోటికొచ్చేస్తుంది. చేయని తప్పుకి రాతలో సారీ చెబితే తర్వాత ఆ కాగితమే ఎదురుతిరుగుతుంది.

ఒకవేళ తీసేశారే అనుకోండి. 21 రోజులు. తీసేసింది అమల్లోకి వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో ఫెయిర్ వర్క్ కమిషన్‌కి దరఖాస్తు వెళ్లాలి. ఏడ్చి, తేరుకుని, ఇండియా ఫోన్లు చేసి, ఇంకో ఉద్యోగం వెతికి, నెల తర్వాత నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ. అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. ఉచిత న్యాయ సలహా కేంద్రంలో పనిచేసిన రోజుల్లో వారానికొకరిని అలా ఉత్త చేతులతో పంపించేవాణ్ణి.

వీసా మీద ఉన్నవాళ్లకి ఫెయిర్ వర్క్ వర్తించదని ఒక పుకారు ఉంది. శుద్ధ అబద్ధం. పౌరసత్వం ఉన్నా లేకపోయినా ఒకటే చట్టం. "గొడవ చేస్తే నీ స్పాన్సర్‌షిప్ సంగతి చూస్తా" అని యజమాని బెదిరిస్తే, 2024 జూలై నుంచి అదే నేరం కావచ్చు. 482 మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి 60 రోజులే టైము అని ఇంకా అందరూ చెప్పుకుంటున్నారు. అది పాత మాట. 2024 జూలై 1 నుంచి ఒక్కో విడతకి 180 రోజులు, వీసా మొత్తం మీద 365 రోజులు. ఈ ఒక్క మార్పు మీ ఇంట్లో ఇద్దరికీ సగం భయం తీర్చాలి.

ఇక ఇమిగ్రేషన్ శాఖ. మాట వల్ల వీసా పోయిన సందర్భాలు ఈ దేశంలో లేవని అబద్ధం చెప్పను. 2022 జనవరిలో టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్ వీసాని మంత్రి సొంత అధికారంతో రద్దు చేశాడు. ఆయన ఇక్కడ ఉంటే టీకా వ్యతిరేకులకు ఊపు వస్తుందన్నది మంత్రి చూపిన ప్రధాన కారణాల్లో ఒకటి. కోర్టు మంత్రి నిర్ణయాన్ని నిలబెట్టింది. అంతకుముందు, 1934లో, ఎగాన్ కిష్ అనే చెక్ రచయిత ఫాసిజానికి వ్యతిరేకంగా ఉపన్యాసాలు ఇవ్వడానికి వచ్చాడు. దిగనివ్వలేదు. మెల్‌బోర్న్ రేవులో ఓడ మీదనుంచి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పట్లో తెల్లవాళ్లు కానివాళ్లని ఆపడానికి ఒక డిక్టేషన్ పరీక్ష ఉండేది, ఏదైనా యూరప్ భాషలో పెట్టొచ్చు. కిష్‌కి బోలెడు భాషలు వచ్చు. అందుకని పట్టుబట్టి స్కాటిష్ గేలిక్‌లో పెట్టి ఫెయిల్ చేశారు. అది చట్టం ఉద్దేశంలో యూరప్ భాషే కాదు పొమ్మంది హైకోర్టు. ఆయన బయటికొచ్చి ఊరూరా తిరిగి మాట్లాడాడు.

ఈ ఇద్దరి కథల్లో ఉన్నది ప్రపంచమంతా పేరున్న మనుషులు, వాళ్లని ఆపాలని పట్టుబట్టిన మంత్రులు. చట్టంలో మంత్రికి ఆ అధికారం ఇంకా ఉంది: సమాజంలో ఒక వర్గాన్ని దూషించి చిచ్చుపెడతారని అనుకుంటే "క్యారెక్టర్" కారణంతో వీసా ఆపొచ్చు. ఇళ్ల కొరత మీద టార్నీట్ తల్లి రాసిన నాలుగు వాక్యాలకి అది రాదు. మీరు నిజంగా జాగ్రత్తపడాల్సింది క్రిమినల్ కేసుల దగ్గర. ఫోన్లో, నెట్‌లో ఎవర్నైనా బెదిరించడం, పదేపదే వేధించడం ఫెడరల్ నేరం. శిక్ష పడితే అది పీఆర్ ఫారంలో రాయాలి. కోపంలో మెసేజ్ పెట్టేముందు ఈ ఒక్కటి గుర్తుంటే చాలు. శాంతియుతంగా ర్యాలీకి వెళ్లడం వీసా షరతుని మీరడం కాదు.

ట్రైన్లో జరిగిన దాని గురించి మీరు నన్ను ఏమీ అడగలేదు. తిట్లు తిన్నది మీరు. కానీ ఉత్తరమంతా మీరేదో తప్పు చేసినట్టే రాశారు.

1975 జాతి వివక్ష నిషేధ చట్టంలో 1995లో 18సి అనే సెక్షన్ చేర్చారు. జాతి, రంగు, పుట్టిన దేశం కారణంగా బహిరంగంగా ఒకర్ని నొప్పించే, అవమానించే, కించపరిచే, భయపెట్టే పని చట్టవిరుద్ధం. ట్రైన్ బహిరంగ స్థలమే. దీన్ని తీసేయాలని 2014లో ఒక ప్రభుత్వం గట్టిగా ప్రయత్నించింది. అప్పటి అటార్నీ జనరల్ జార్జ్ బ్రాండిస్ అయితే మూర్ఖపు ద్వేషం వెళ్లగక్కే హక్కు కూడా జనానికి ఉంటుందని సెనేట్‌లో అన్నాడు. వలస వచ్చిన కుటుంబాల నుంచి వ్యతిరేకత వెల్లువెత్తి ఆ ప్రయత్నం ఆగింది. 2017లో పదాలు మార్చబోతే సెనేట్ కుదరదంది. మీ కేసుకి దగ్గరగా ఉన్నది సెనేటర్ మెహ్రీన్ ఫారూకీ కేసు. ఆవిడ పాకిస్తాన్‌లో పుట్టి ఇక్కడికొచ్చిన మనిషి. బ్రిటన్ రాణి చనిపోయిన రోజు సామ్రాజ్యాన్ని విమర్శిస్తూ ట్వీట్ చేస్తే, పెట్టె సర్దుకుని పాకిస్తాన్ పొమ్మని వలసల్ని వ్యతిరేకించే వన్ నేషన్ పార్టీ నాయకురాలు పాలీన్ హాన్సన్ బదులు రాసింది. 2024 నవంబరులో ఫెడరల్ కోర్టు అది 18సి ఉల్లంఘనే అని, ట్వీట్ తీసేయమని తీర్పిచ్చింది. హాన్సన్ అప్పీలుకి వెళ్లింది. "మీ దేశానికి పో" అన్న మాట ఉత్త కోపం కాదు, దానికి జాతి రంగు ఉంది అని ఒక న్యాయమూర్తి వందల పేరాలు రాసి చెప్పడం నాకైతే తృప్తిగా అనిపించింది.

అయితే 18సి సివిల్ వ్యవహారం, జైలు ఉండదు. ఆస్ట్రేలియన్ మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేయాలి, ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు, వాళ్లు రాజీకి కూర్చోబెడతారు. కుదరకపోతేనే కోర్టు. మీ విషయంలో చిక్కేమిటంటే ఆయనెవరో తెలియదు, ఫిర్యాదు ఎవరి మీద పెట్టాలి? అందుకే ఆ క్షణంలో చేసేది ముఖ్యం. టైము, లైను, ఏ పెట్టె, ఏ రెండు స్టేషన్ల మధ్య అన్నది ఫోన్లో రాసుకుని పోలీసులకి చెప్పడం. సీసీటీవీ రికార్డింగు కలకాలం ఉంచరు. మీదకొస్తే, చేయి ఎత్తితే అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయండి. విక్టోరియాలో 2025 సెప్టెంబరు 20 నుంచి జాతి ద్వేషాన్ని రెచ్చగొట్టడం, ఆ కారణంతో దాడి చేస్తానని బెదిరించడం నేరాలు. ట్రైన్ ఆయన అరిచింది ఆ తేదీకి ముందే, పైగా ఆ మాట ఒక్కటే ఆ నేరం దాకా పోతుందని నేననుకోను. అయినా నమోదు చేయించండి. విక్టోరియా మానవ హక్కుల కమిషన్ కూడా ఇలాంటి సంఘటనలు చెప్పమంటుంది. ఇంగ్లీషులో చెప్పడానికి ఇబ్బందిపడే పెద్దవాళ్లుంటే 131 450కి ఫోన్ చేస్తే తెలుగు దుబాసీ దొరుకుతారు.

కేటరింగ్ ఆయన దగ్గరికి వద్దాం. "రాసింది నేను కాదు కదండీ" అన్నారు. అక్కడే పప్పులో కాలేశారు. 2021లో హైకోర్టు పెద్ద పెద్ద పత్రికల ఫేస్‌బుక్ పేజీల కేసులో, పేజీ నడుపుతూ కామెంట్లకి చోటిచ్చినవాళ్లు కూడా ఆ కామెంట్లని ప్రచురించినవాళ్ల కిందే లెక్క అని తేల్చింది. తెలియదు అన్నా కుదరదు. దాంతో దేశమంతా గగ్గోలు పుట్టి, 2024లో విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ లాంటి చోట్ల చట్టానికి కొత్త రక్షణ చేర్చారు. గ్రూపు నడిపేవాళ్లకి ఫిర్యాదు పంపే మార్గం ఒకటి ఉండాలి. రాతపూర్వకంగా ఫిర్యాదు అందిన 7 రోజుల్లో సరైన చర్య తీసుకోవాలి. అలా చేస్తే అడ్మిన్ బయటపడొచ్చు. కాబట్టి ఆయన మెయిలో మెసేజో పెట్టిన రోజు నుంచి వేళ్లు లెక్కపెట్టుకోండి. గ్రూపు పైన "ఫిర్యాదులుంటే ఈ మెయిల్‌కి రాయండి" అని ఈరోజే పెట్టండి.

ఆయన ఊరికే అరుస్తున్నాడా, నిజంగా దావా వేయగలడా? వేసేముందు ఏ మాట, ఎక్కడ, దాని వల్ల ఏ చెడ్డ అర్థం వచ్చిందో రాసి నోటీసు ఇవ్వాలి. ఫోన్లో కేకలు నోటీసు కిందికి రావు. పరువుకి తీవ్రమైన నష్టం జరిగిందని చూపించాలి. పది మందికి తక్కువ ఉద్యోగులున్న చిన్న కంపెనీ కూడా దావా వేయొచ్చు కాబట్టి కొట్టిపారేయకండి. రాసిన ఆవిడకి "పాచి బిర్యానీ, వాంతులు" అన్నది నిజమైతే గట్టి కవచం ఉంది, ఫొటోలు, డాక్టర్ చీటీ ఉంటే మరీ మంచిది. "దొంగ వెధవ"కి ఏ సాక్ష్యం తెస్తుంది? ఆ రెండు మాటలూ తీసి, తిన్నది జరిగింది మాత్రం రాయమనండి. ఒప్పుకోకపోతే మీరే తీసేయండి. మన గ్రూపుల్లో బిర్యానీ మీద మొదలైన గొడవ సాయంత్రానికి కులం మీదకి పోవడం నేను చాలాసార్లు చూశాను. అప్పుడు పాపం అడ్మిన్‌దే.

చివరగా మీవారు. ఆయన భయాన్ని నేను తక్కువ చేయను. ఇద్దరి జీవితాలు ఒక్క వీసా మీద ఆనుకుని ఉన్నప్పుడు అలాగే ఉంటుంది, మేం వచ్చిన కొత్తలో నేనూ అంతే. కానీ "ఓటు లేనివాళ్లకి మాట ఎందుకు" అన్నదానికి ఇక్కడి హైకోర్టే జవాబు చెప్పింది. 2012లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం పార్టీలకి విరాళాలు ఓటర్ల జాబితాలో ఉన్న వ్యక్తులే ఇవ్వాలని చట్టం చేస్తే యూనియన్లు కోర్టుకెళ్లాయి. రాజకీయ సంభాషణ ఓటరుకీ ప్రభుత్వానికీ మధ్య మాత్రమే జరిగేది కాదు, ఓటు లేకపోయినా ప్రభుత్వ నిర్ణయాలు తమ మీద పడేవాళ్లు ఎందరో ఉన్నారు అంటూ 2013లో ఆ చట్టాన్ని కొట్టేశారు. ఆ వాక్యం చదివినప్పుడు నాకు 2009 గుర్తొచ్చింది. ఆ మే నెలలో మన ఆంధ్ర కుర్రాడొకణ్ణి స్క్రూడ్రైవర్‌తో పొడిచారు. నెలాఖరున భారతీయ విద్యార్థులు వేలల్లో వచ్చి ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ముందు కూడలిలో రాత్రంతా కూర్చున్నారు. దాదాపు ఎవరికీ ఓటు లేదు. తెల్లవారుజామున పోలీసులు లాగి పక్కన పడేశారు, కొందర్ని పట్టుకెళ్లారు కూడా. కానీ ఆ ఏడాదే విక్టోరియా శిక్షల చట్టంలో ఒక మాట చేరింది: ఒక వర్గం మీద ద్వేషంతో చేసిన నేరమైతే శిక్ష వేసేటప్పుడు జడ్జి అది లెక్కలోకి తీసుకోవాలి. రోడ్డు మీద కూర్చోమని మీకు చెప్పడం లేదు. మీ ఏరియా ఎంపీకి ఉత్తరం రాయడానికీ, పార్లమెంటు వెబ్‌సైట్‌లో పిటిషన్ మీద సంతకం పెట్టడానికీ ఓటు అక్కర్లేదు, ఇక్కడ నివాసం ఉంటే చాలు.

మెయిల్‌లో తోడు మనిషి గురించి రాశాను కదా. అలాంటి మీటింగ్‌కి మీరు ఒకర్ని వెంట తెచ్చుకుంటానంటే, సరైన కారణం లేకుండా కాదనడం తర్వాత కంపెనీకే చిక్కు. యూనియన్‌లో ఉంటే యూనియన్ మనిషి, లేకపోతే మీవారినే తీసుకెళ్లండి. తోడు వచ్చినవాళ్లు వాదించకూడదు, పక్కన కూర్చుని ఎవరేమన్నారో రాసుకోవాలి, అంతే. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఆ పనికి ఆయనే సరిగ్గా సరిపోతారు. ఒక నోట్‌బుక్, రెండు పెన్నులు ఇవ్వండి.